మూడువందల పన్నెండో సిపాయి

ఎదురింటి దేవిశ్రీ కూరగాయల బండి దగ్గర అన్నదట, మా పక్కింటి హజీరా విన్నదట: "జంగయ్య ముసలోడు బాణామతి పట్టిండు. పొద్దుందాక కిటికీ కాడ కూసోని బొటనేలంత మనుషుల బొమ్మలకు ఎర్రరంగు పూస్తుండు, కండ్లు పెడ్తుండు. ఎవ్వలి మొఖం దించి కండ్లు దిద్దితే వాళ్ళకు జరం."

హజీరా బట్టలు కుడుతుంది. గుండుపిన్నులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి ఎంత పెద్ద సంగతైనా ఆమె నోట సన్నగా వస్తుంది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఈ మాట నాకు అందించింది.

"నేనైతే నమ్మలే వసుధా. కానీ దేవిశ్రీ బిడ్డకు మూడు రోజుల సంది జరం. మీ మామ దగ్గరి బొమ్మల ఒకదానికి ఆ పిల్ల మొఖమే ఉన్నదంటది."

"అవి సిపాయిల బొమ్మలు హజీరా. నాలుగేండ్ల ఆడపిల్ల మొఖం ఎట్లొస్తది?"

"అదే నేను సుత అన్న. వాళ్ళకు మీసాలుంటయ్ కదనే అన్న. ఇనలే."

నవ్వవలసిన మాటే. నాకు నవ్వు రాలేదు. మాది జనగామ అవతల ఊరు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్ళో ఒక మనిషి మీద ఇదే చేతబడి మాట పడితే, మంత్రం నోట పలకకుండా చేస్తామని పట్టపగలు బడి ముందర కూర్చోబెట్టి అతని పళ్ళు పీకారు. ఆ మనిషి ఆ తర్వాత జొన్నరొట్టె నీళ్ళలో నానబెట్టుకొని తినేవాడు. డిగ్రీ చదివి, పట్నంలోని మెట్టుగూడకు కోడలిగా వచ్చినప్పుడు ఆ మాటను ఊరి పొలిమేరలోనే విడిచి వచ్చాననుకున్నాను. అది నాకంటే ముందు బస్సెక్కి ఇక్కడికొచ్చి కూర్చుంది. పైగా అన్నది ఏ చదువు లేని ముసలమ్మా కాదు. సూపర్‌మార్కెట్‌లో కంప్యూటర్ ముందు నిలబడి బిల్లులు కొట్టే దేవిశ్రీ.

లోపలికి వెళ్ళేసరికి మామ కిటికీ దగ్గరే ఉన్నాడు. ఎడమచేతిలో దగ్గుమందు సీసా మూత, దాని మీద మైనంతో నిలబెట్టిన సిపాయి. కుడిచేతి మణికట్టు కింద ఆనించుకోడానికి చిన్న కర్ర. మూడు వెంట్రుకల కుంచె. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. కన్ను దిద్దేటప్పుడు మా మామ ఊపిరి తీయడు. ఆ రెండు చుక్కలు పెట్టేదాకా ఇంట్లో మేం కూడా గిన్నెలు చప్పుడు చేయం.

చుక్కలు పడ్డాయి. ఊపిరి వదిలాడు. "ఏందమ్మా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. ఆయన సిపాయిని మూతతో సహా వెలుగుకు ఎత్తి చూసి, "మరి గింత చిన్న బొమ్మల గంత శక్తి ఉంటే ముందుగాల నా మోకాలినొప్పి పోగొట్టుకోనా?" అన్నాడు.

మా అత్త ఎల్లమ్మ పొయ్యి పక్కన చాటలో పరిచిన సిపాయిలను అటూ ఇటూ జరుపుతోంది. వానలకు రంగు ఆరడం లేదు. రొట్టెలు కాల్చడం అయిపోయాక ఆ వేడి దగ్గర చాట పెట్టి ఆరబెట్టే పని ఆమెది. ఆమె ఏమీ అనలేదు. ఆ రోజుల్లో అనేది కాదు. బయటివాళ్ళతో మాట మామది, ఇంట్లో పని అత్తది, అదీ మా ఇంటి పద్ధతి. ఇప్పుడు ఎవరైనా పని పట్టుకొని వస్తే మామ ముందుగా, "ఉండుండ్రి, మా ఇంటామెను పిలుస్త" అంటాడు. ఈ మార్పు ఆ ఒక్క వానాకాలంలో వచ్చింది.

మామ లాలాగూడ వర్క్‌షాపులో ముప్పైనాలుగేళ్ళు రైలుపెట్టెల మీద అక్షరాలూ అంకెలూ రాశాడు. స్టిక్కర్లు వచ్చాక కుంచెకు పని తగ్గింది, అప్పటికి ఆయనకు రిటైర్మెంటూ వచ్చింది. ఊరికే ఉండలేక మెట్టుగూడ రోడ్డులో ఒక నంబరు ప్లేట్ల దుకాణంలో కూర్చునేవాడు. అక్కడ చూశాడు ఆయన చేతిని రాఘవేందర్ సారు. బుల్లెట్ బండికి నంబరు రాయించుకోడానికి వచ్చినవాడు, ఎనిమిది అంకె నడుము దగ్గర కుంచె తిరిగిన తీరు చూసి, "అంకుల్, మీరు ఇంకా చిన్నవి వేయగలరా?" అన్నాడట.

ఆయనది మారేడ్‌పల్లి. ఇంట్లో ఒక గదంతా అద్దాల బీరువాలు, వాటి నిండా సైన్యాలు. ప్రతి ఆదివారం పది మంది పెద్దమనుషులు పెద్ద బల్ల చుట్టూ చేరి, టేపు పెట్టి కొలిచి, పాచికలు వేసి, ఎప్పుడో అయిపోయిన యుద్ధాలను మళ్ళీ చేస్తారు. నాకు మొదట ఇది కడుపు నిండినవాళ్ళ ఆటగా కనిపించింది. తర్వాత వాళ్ళు ఒక తొడుగు రంగు కోసం, ఒక గుండీ కోసం పుస్తకాలు తిరగేసి కొట్లాడుకోవడం విని, పరవాలేదు, ఇదీ ఒక వ్యవసాయమే అనుకున్నాను. ఆ సైన్యాలు ఇంగ్లండు నుంచి పొట్లాల్లో వస్తాయి, వట్టి లోహం, రంగుండదు. రంగు లేని సైన్యాన్ని బల్ల మీద పెడితే వాళ్ళలో మర్యాద కాదట.

జూన్ మొదటివారంలో ఆయన మూడు అట్టపెట్టెలతో మా ఇంటికి వచ్చాడు. పదమూడు పటాలాలు, పటాలానికి ఇరవైనలుగురు. పద్దెనిమిది వందల మూడులో మరాఠాలతో జరిగిన యుద్ధంలోని మద్రాసు సిపాయిలు. ఎర్రకోటు, గుండె మీద అడ్డంగా రెండు తెల్లపట్టీలు, మోకాళ్ళ పైకి తెల్లజాంగియా, జాంగియా అంచున నీలిరంగు రంపపుపళ్ళ గీత. ఆ గీత చూసి మామ కళ్ళు మెరిశాయి. ఆగస్టులో పెద్ద ప్రదర్శన ఉంది, బెంగుళూరు నుంచీ పుణె నుంచీ వస్తారు, అప్పటికి కావాలన్నాడు సారు.

"ఇంగ్లిష్ ఆఫీసర్ల ఫేసులు మాత్రం నీట్‌గా రావాలె అంకుల్. సిపాయిలకు ఒకటే బ్రౌన్ కొట్టేయండి. టేబుల్ మీద పెట్టినంక వాళ్ళను దగ్గరికెళ్ళి ఎవరు చూస్తరు? ముందల నిలబడి గుండ్లు తినేటోళ్ళు."

"అట్లనే సారు," అన్నాడు మామ.

సారు బండి సందు దాటాక నన్ను పిలిచాడు. "బిడ్డా, నువ్వు చదివినవ్ గద. వీళ్ళెవ్వలు?"

నేను చదివింది హిస్టరీయే. చెప్పాను. కంపెనీవాళ్ళు మద్రాసు వైపు నుంచి కూర్చిన పటాలాల్లో తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారని, అందుకే ఉత్తరాదివాళ్ళు కంపెనీ సిపాయి ఎవడు కనబడ్డా తిలంగా అని పిలిచేవారని.

"అంటే మనోళ్ళు?"

"మనోళ్ళు సుత ఉన్నరు మామా."

ఆయన పెట్టెలోంచి ఒక సిపాయిని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "మరి మనోళ్ళందరికీ ఒకటే మొఖం ఎట్లుంటది?" అన్నాడు.

అంతే. మూడువందల పన్నెండు మందికీ మూడువందల పన్నెండు మొఖాలు. ఒకడు చామనచాయ, ఒకడు నల్లరేగడి. ఒకడికి అమ్మవారు పోసిన మచ్చలు. వర్క్‌షాపులో తనతో పనిచేసిన పెయింటింగ్ గ్యాంగు మొత్తం ఎర్రకోట్లు తొడుక్కొని దిగింది. ఫిట్టర్‌గా చేసి చనిపోయిన హజీరా వాళ్ళ నాయిన పీర్ మహమ్మద్ దిగాడు, లోపలికి పోయిన దవడలు, ఎడమ కనుబొమ మీద గాటుతో సహా. మా ఊళ్ళో పళ్ళు పీకించుకున్న మనిషి గురించి నేనొకసారి చెప్పాను. అతడూ దిగాడు, సొట్ట నోటితో, తుపాకి భుజాన వేసుకొని.

ఇంకో అలవాటు కూడా మామ వదల్లేదు. వర్క్‌షాపులో రిపేరై బయటికొచ్చే ప్రతి పెట్టె చివర ఒక మూల రాస్తారు: ఏ షాపులో తయారైంది, ఏ తేదీన, మళ్ళీ ఏ తేదీకి తిరిగిరావాలి. అది రాయకపోతే పెట్టె యార్డు దాటదు. మామ ప్రతి సిపాయి కాళ్ళ కింద బిళ్ళ వెనకవైపు తెల్లరంగుతో మెట్టుగూడ అనీ, తేదీ అనీ గింజంత అక్షరాల్లో రాసేవాడు. మధ్యలో చూడడానికి వచ్చిన సారు తిప్పి చూసి నవ్వాడు.

"ఇవెందుకు అంకుల్? కింద నేను మ్యాగ్నెట్ షీట్ అంటిస్త."

"రాయకుంటే బండి కదలది సారు."

"రాసుకోండి, మీ ఇష్టం," అన్నాడు. మంచి మూడ్‌లో ఉన్నాడు. సిపాయిల మొఖాలను భూతద్దంతో చూస్తూ, "వావ్," అని రెండుసార్లు అన్నాడు. ఒకటే బ్రౌన్ మాట మళ్ళీ ఎత్తలేదు. అది చూసి నేనే అడిగాను. "సార్, షోలో మామ పేరు వేస్తరు కదా?"

"తప్పకుండా అమ్మా. కార్డు మీద రాయిస్త. సేకరణ నాది, రంగులు జంగయ్యవి. అందరూ చదువుతరు."

నేను ఆ మాట పట్టుకొనే ఆషాఢం దాకా ఉన్నాను.

ఆషాఢంలో మా సందుకు మామతో పనుంటుంది. బోనాలకు ముందు వారం ఇంటింటి నుంచీ కొత్తకుండ మా అరుగు మీదికి వస్తుంది. మామ సున్నం పూసి, పసుపు పట్టెలు తీర్చి, చుట్టూ వేపమండ గీసి, ఎదురుగా అమ్మవారి కండ్లు దిద్దేవాడు. ఇంత ఇయ్యమని ఆయన అడిగింది లేదు, చేయించుకోనివాళ్ళు లేరు. ఏటా గురువారానికల్లా ముప్పై కుండలకు తగ్గకుండా అరుగు నిండిపోయి మేం పక్కకు తిరిగి లోపలికి వెళ్ళవలసి వచ్చేది.

ఆ ఏడు గురువారం వచ్చింది. సున్నం కలిపి, కుంచెలు కడిగి పెట్టుకొని మామ పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాడు. పదిగంటలకు అత్త చాయ్ ఇచ్చింది. మధ్యాహ్నానికి సున్నం గిన్నె అంచుల్లో ఎండి పగుళ్ళు విచ్చింది. అందులో మళ్ళీ నీళ్ళు కలిపాడు. సాయంత్రం ఎదురింట్లోకి బజారు నుంచి స్టిక్కర్ పువ్వులంటించిన కుండ ఒకటి ఆటో దిగి వెళ్ళింది. అరుగు మీద ఉన్నది ఒకే ఒక్క కుండ. మాదే.

నా ఒళ్ళు మండింది. సందు దాటి దేవిశ్రీ గుమ్మంలో నిలబడ్డాను.

"ఐదేండ్లు ఆయన దిద్దిన బోనం నెత్తిన పెట్టుకొని గుడికి పోయినవ్ దేవిశ్రీ. ఎవ్వల కన్నన్న పోయిందా? ఎవ్వల చెయ్యన్న పడిపోయిందా?"

"నేను నమ్మిన అంటలేను అక్కా. అప్పుడు గా బొమ్మలు లేకుండె గద."

"నీ బిడ్డకు జరం తగ్గిందా లేదా?"

"తగ్గింది. డాక్టరు రక్తం పరీక్ష రాసిండు. టైఫాయిడ్ అన్నడు."

"మరి?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పిల్లల తల్లిని అక్కా. అందరు ఒకటంటుంటే నేనొక్కదాన్ని కుండ పట్టుకొని ఎట్లొస్తా?"

అదీ సంగతి. మొదలుపెట్టినామె ఆమె, ఇప్పుడు అందరూ అంటున్నారంటుంది. నిప్పు పెట్టినవాళ్ళే పొగకు కళ్ళు నులుముకుంటారు. నేను ఇంకా ఏదో అనబోతే వెనకనుంచి మామ పిలిచాడు.

"తిట్టకు బిడ్డా. సూడనోళ్ళకు ఎంత చెప్పినా గంతే. ఆగస్టుల సారు బొమ్మలు పెట్టే హాలుకు అందరిని పిలుద్దాం. అవి ఏం బొమ్మలో, ఎందుకు చేసిననో సూస్తరు. నా పేరు సుత ఉంటది, చదువుకుంటరు. దేవిశ్రీ, నువ్వు సుత రావాలె."

"వస్త పెద్దనాయినా," అంది దేవిశ్రీ, నేల చూస్తూ.

ఆ పూట అన్నం దగ్గర అత్త మొదటిసారి ఆ బొమ్మల గురించి నోరు విప్పింది. "పేరు పెడ్తడా?"

"సారు మాటిచ్చిండు. వసుధ ముంగట్నే."

అత్త మామ కంచంలో పచ్చిపులుసు పోసింది.

బోనాల ఆదివారమే పెట్టెలు తీసుకుపోవడానికి సారు డ్రైవర్ వచ్చాడు. డప్పులతో సందు అదిరిపోతోంది. రోడ్లు మూసేస్తారు, జల్దీ ఇయ్యండి అని అతని తొందర. మామ మాత్రం తొందరపడలేదు. ఒక్కో సిపాయిని దూదిలో పొదిగి పెట్టెలో పడుకోబెట్టాడు. చివరిగా జెండా పట్టుకున్న సిపాయి. మూడువందల పన్నెండోవాడు. కోటు, పట్టీలు, జెండా, మీసం, అన్నీ అయ్యాయి. కండ్లు మాత్రం దిద్దలేదు. కనుబొమల కింద రెండు ఉత్త గుంటలు.

అది మరుపు కాదు. వర్క్‌షాపులో పెట్టె నంబరు ఆఖరి అంకె ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి పాస్ చేసిన తర్వాతే రాస్తారట. పని పూర్తయిందని చెప్పేది మనం కాదు, చూసినవాడు. ఆ పద్ధతినే మామ ప్రదర్శన దాకా దాచుకున్నాడు. అందరి ముందర, సారు పాస్ అన్నాక, ఆ రెండు చుక్కలు పెడతాడు. దేవిశ్రీ చూస్తుంది. సందంతా చూస్తుంది. బాణామతి అంటే ఏమిటో అప్పుడు చెప్పమంటాడు.

"జెండా పట్టినోని కండ్లు మిగిలినయ్. హాల్ల దిద్దుత అని సారుకు చెప్పు," అన్నాడు డ్రైవర్‌తో. అతను తలూపాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పినా వినే మనిషికి చెప్పాడా అన్నది ఇంకో సంగతి.

ఆగస్టు మూడో ఆదివారం రెండు ఆటోలు మాట్లాడుకొని మారేడ్‌పల్లి వెళ్ళాం. మామ, అత్త, నేను, హజీరా, దేవిశ్రీ, సందులోని మరో నలుగురు ఆడవాళ్ళు. మా ఆయన లక్ష్మణ్‌కు స్టేషన్‌లో డ్యూటీ పడింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకొని జేబులో పెన్ను పెట్టుకునే చోట ఆ మూడు వెంట్రుకల కుంచె పెట్టుకున్నాడు, దాని మొనకు స్ట్రా ముక్క తొడిగి. చిన్న సీసాలో నల్లరంగు అత్త సంచిలో ఉంది.

హాలు నిండా బల్లలు. బల్లల మీద గుట్టలు, వాగులు, అగ్గిపెట్టెలంత గుడిసెలు. సారు బల్ల అన్నిటికంటే పెద్దది. వాగు ఇవతల ఒడ్డున మా సిపాయిలు వరసలు కట్టి నిలబడి ఉన్నారు. మధ్యలో, అందరికంటే ముందర, జెండా సిపాయి. ఇన్ని రోజులూ మూతల మీదా చాటలోనూ చూసినవాళ్ళను ఒక్కచోట అలా చూసి, తెలిసినవాళ్ళను వరసల్లో వెతుక్కున్నాను. మా సందు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కట్టిన తాడు దగ్గర ఆగి వంగి చూస్తున్నారు. "అవ్వో, జాంగియా అంచుకు ముగ్గు సుత ఉన్నదే," అంది ఒకామె. దేవిశ్రీ వరస వెంబడి ఒక్కో మొఖమే చూసుకుంటూ పోయింది.

బల్ల మూలన నిలబెట్టిన కార్డు చూసింది మామే. ఇంగ్లిష్ అక్షరాలు. ఆయన చదువు ఏడో తరగతి, కానీ అక్షరాలు ఏ భాషవైనా ఆయన చూసినట్టు ఇంకెవరూ చూడరు. సేకరణ, చిత్రణ: రాఘవేందర్. అంతే ఉంది. మామ దాని ముందు తల వాల్చి చూశాడు.

"రెండో అక్షరానికి మూడో అక్షరానికి నడుమ జాగ ఎక్కువైంది," అన్నాడు. "మిషన్ల కొట్టినట్టున్నరు."

చేయి పైకి పోయి జేబులోని కుంచెను తడిమి కిందికి దిగింది.

"పెద్దనాయిన పేరు ఏడున్నది అక్కా?" అంది దేవిశ్రీ మెల్లగా. ఎగతాళికి అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడే సారు బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దాయనతో మా వైపే వచ్చాడు. ఆ తెల్లజుట్టాయన బహుమతి నిర్ణయించేవాడని మెడలోని బిళ్ళ చెబుతోంది. భూతద్దం పెట్టి చూసి, తలెత్తి వచ్చీరాని తెలుగులో అడిగాడు, ఈ కళ్ళు ఎట్లా దిద్దారని.

"ఓపిక సార్," అన్నాడు రాఘవేందర్. "రెండు నెలలు పట్టింది. ప్రతి కంటికీ ఊపిరి బిగబట్టాలి."

మా మామ ఊపిరి. మేం గిన్నెలు చప్పుడు కానివ్వకుండా కాపాడిన ఊపిరి. నేను తాడు దాటి ఆయన ముందర నిలబడ్డాను.

"సార్, కార్డు మీద పేరు తప్పు పడింది."

ఆయన తడబడలేదు. "ఓ, వసుధగారూ, వచ్చారా? అక్కడ చాయ్ ఉంది, తీసుకోండి," అని నన్ను రెండడుగులు పక్కకు నడిపి గొంతు తగ్గించాడు. "ఇది కాంపిటీషన్ అమ్మా. ఎవరి ఆర్మీ వాళ్ళే పెయింట్ చేసి ఉండాలె, అది రూల్. ఇంకొకరు వేసిన్రని రాస్తే ఎంట్రీయే తీసుకోరు. అంకుల్‌కు ఇవ్వాల్సింది ఇచ్చిన కదా."

ఇచ్చాడు. ఆ మాట అబద్ధం కాదు. "మాటిచ్చింది కూడా మీరే సార్."

"ఏం మాటమ్మా? రైలుపెట్టె మీద పెయింటర్ పేరు ఎక్కడన్న రాస్తరా?"

"పేరు రాయరు. ఎక్కడ తయారైందో రాస్తరు, తేదీ రాస్తరు." నేను వెనక్కి వచ్చి, చేతికందిన సిపాయిని తీసి తెల్లజుట్టాయనకు కనిపించేలా తిప్పాను. మెట్టుగూడ లేదు, తేదీ లేదు. నల్లటి మ్యాగ్నెట్ రేకు, చుట్టూ అంచు కత్తిరించి నున్నగా అంటించి ఉంది. ఇంకొకటి తిప్పాను. అదీ అంతే. గోరుతో గీకి చూశాను, రేకు రాలేదు.

"ప్లీజ్, ముట్టుకోకండి," అన్నాడు సారు, ఈసారి అందరికీ వినబడేట్టు. తెల్లజుట్టాయన వైపు తిరిగి నవ్వాడు. "మాకు హెల్ప్ చేసినవాళ్ళు సార్. కడగడం, మొదటి కోటు కొట్టడం, అవన్నీ ఈ జంగయ్యనే చేసిండు. ఫేసులు మాత్రం నేను చాలా రీసెర్చ్ చేసి వేసిన."

"రీసెర్చా?" అంది హజీరా. ఆమె నోట్లో ఆ రోజు పిన్నులు లేవు. మూడో వరసలో చివర ఉన్న సిపాయిని వేలితో చూపించింది. "సాబ్, గా ఎడమ కనుబొమ మీద గాటున్నోడు మా అబ్బా. పీర్ మహమ్మద్. లాలాగూడల ఫిట్టర్. లేత్ మిషన్ల ముక్క ఎగిరి తగిలి గాటు పడ్డది. నువ్వు మా అబ్బాను ఏడ సూసినవ్?"

పక్క బల్లల వాళ్ళు పాచికలు ఆపి ఇటు తిరిగారు. తెల్లజుట్టాయనకు ఆ యాస ఎంత అందిందో గానీ, హజీరా వేలు చూపిన చోట భూతద్దం పెట్టి చూస్తున్నాడు.

"కోఇన్సిడెన్స్ అమ్మా," అన్నాడు సారు. "మొఖాలదేముంది, ఎవరికన్న పోలికలు వస్తయ్. ఐడియా నాది, సైన్యం నాది. వాళ్ళది వట్టి చెయ్యి."

మామ, "పోదాం పా వసుధా," అన్నాడు. గోడ వైపు చూస్తున్నాడు. ముప్పై కుండలు రాని అరుగు మీద కూడా ఆయన అలా కనిపించలేదు. నేను కదల్లేదు. చదివిన చదువంతా ఒక మ్యాగ్నెట్ రేకు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు అత్త ముందుకొచ్చింది. మామ జేబులోంచి కుంచె తీసింది. మొనకున్న స్ట్రా ముక్క లాగేసింది. సంచిలోంచి రంగు సీసా తీసి, మూత తిప్పి, వాగు ఒడ్డున పచ్చగడ్డి మీద పెట్టింది. పదమూడు పటాలాల ముందర నిలబడ్డ జెండా సిపాయిని రెండు వేళ్ళతో ఎత్తి, సారు మొఖానికి ఎదురుగా పట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో పరాయి మగవాడితో ఆమె నేరుగా మాట్లాడడం నేను కాదు, మామ కూడా విని ఉండడు.

"జెండా పట్టినోనికి కండ్లు లేవు సారూ. రెండు నెలలు నువ్వే దిద్దితివంటివి గద. ఇగో కుంచె. వీడొక్కడే మిగిలిండు, దిద్దు."